రేకుల రూములో ఒక్క దెబ్బ

గోదావరిఖనిలో పాత గని దారి పట్టుకొని పోతే, బస్తీ ముగిసిన చోట ఒక రేకుల రూము కనబడుతుంది. పగలు చూస్తే అందులో భయపడాల్సింది ఏమీ లేదు. ఇటుక గోడలు, పైన రేకులు, తుప్పు పట్టిన గొళ్లెం, అంతే. కానీ పొద్దుగూకిందంటే చాలు, ఆ రూము ముందు షేర్ ఆటోవాడు బ్రేకు వేయడు. "జర ముందట దిగుండ్రి" అంటాడు. సెకండ్ షిఫ్టు దిగి ఇంటికి పోయేవాళ్లు అక్కడికి రాగానే బీడీ ముట్టించుకుంటారు. ఒంటరిగా వచ్చేవాడు గట్టిగా పాట ఎత్తుకుంటాడు.

ఎందుకంటే ఆ రూములో ఎవరో కొడతారు.

తలుపుకు తాళం ఉంటుంది. లోపల దీపం ఉండదు. అయినా ఆ చీకట్లోంచి... టంగ్!

ఒక్కటే దెబ్బ. నిలబడి చెవి ఒగ్గితే ఇంకేమీ వినబడదు. మన భ్రమేలే అని కాలు కదిపితే — మళ్లీ టంగ్!

ఆ రూము యిర్మియాది. వర్క్‌షాపులో ఇనుము చెక్కే టర్నరుగా రిటైరై, చేతులు ఊరుకోక ఇంటి వెనక ఆ రూము వేసుకొని, ఒక పాత లేత్ మిషను పెట్టుకున్నాడు. బస్తీలో ఎవరి ఇనుము ఏది అరిగినా ఆయన దగ్గరికే వచ్చేది. ఒక సాయంత్రం రాడ్డు చెక్కుతూ చెక్కుతూ అక్కడే కూలబడి ప్రాణం విడిచాడు. మనిషి పోయాడు గానీ మిషను మాత్రం తిరుగుతూనే ఉందట, ఎవరో వచ్చి ఆపేదాకా.

"గందుకే," అనేది పక్కింటి సమ్మవ్వ, గొంతు తగ్గించి. "ఆపకుంటనే పాయె గదా మనిషి. ఇప్పుడొచ్చి ఆపుతుండు. ఆపు... ఆపు... అని కొడుతుండు."

శాంతిరాజ్ ఆ యిర్మియాకే అల్లుడు. ఇలాంటి మాటలు నమ్మే మనిషి కాదు. ఆ ఏడు అయితే నమ్మే తీరిక కూడా లేదు.

సకల జనుల సమ్మె జరిగిన మరుసటి ఏటి ఎండాకాలం అది. శాంతిరాజ్ గనిలో హాలేజ్ ఆపరేటరు. ఇనుప తాడు కట్టి బొగ్గు టబ్బులను పైకి గుంజే ఇంజను నడపడం అతని డ్యూటీ. గనిలో బొగ్గు అడుగంటింది, మూసేస్తారన్నారు. హాలేజ్ వాళ్లందరినీ మణుగూరు పంపుతారన్నారు. ఇక్కడే ఉండాలంటే ఒక్కటే దారి. వర్క్‌షాపులో టర్నర్ల ఖాళీలు ఉన్నాయి. ట్రేడ్ టెస్టు పాసైతే చాలు.

మణుగూరు పోతే ఒక్కడే పోవాలి. భార్య రెజీనాది బస్తీ అంగన్‌వాడీలో ఉద్యోగం. అత్త మార్తమ్మ పక్షవాతం వచ్చి మంచంలో ఉంది. ఆమెను లేపి కూర్చోబెట్టాలన్నా ఇద్దరు పట్టాలి. ఆ ఇద్దరిలో ఒకరు లేకపోతే ఏం కావాలో ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గానీ, అందరికీ తెలుసు.

"నేను నేర్చుకుంట. మామ మిషను ఉండనే ఉండె," అన్నాడు శాంతిరాజ్.

"ఎన్నడన్న ముట్టినవా దాన్ని?" అంది రెజీనా.

"గనిల ఇంజను నడిపెటోనికి గిదొక లెక్కనా?"

లెక్కేనని మొదటి రోజే తెలిసింది.

చూడ్డానికి లేత్ మిషనంత సులువైంది లేదు. చక్కు అనే ఇనుప నోరు రాడ్డును కరిచి పట్టుకొని గిరగిరా తిప్పుతుంది. పదునైన టూలు నెమ్మదిగా పక్కకు జరుగుతూ రాడ్డు మీది పొరను చీల్చుకుంటూ పోతుంది. మనిషి చేసేది ఏముంది, లీవరు వేసి చూడ్డమే! కానీ టూలు వెంట్రుకంత కిందికి ఉంటే రాడ్డు మూలుగుతుంది. వెంట్రుకంత పైకి ఉంటే కోయడం మానేసి రాసుకుంటుంది. బిగువు చాలకపోతే మిషనంతా చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. శాంతిరాజ్ అన్ని తప్పులూ చేశాడు. కాలిన ఇనుప పొట్టు ముంజేతి మీద పడి బొబ్బలెక్కింది. టూళ్లు విరిగాయి. బొగ్గు పొడికి అలవాటైన చేతులు నూనె మరకలకు అలవాటు పడమంటే పడమన్నాయి.

పగలంతా కరెంటు కోత. పక్కనే రామగుండంలో కరెంటు పుడుతుంది, ఖని బస్తీలో మాత్రం అన్నం వేళ దాటాక గానీ రాదు. కాబట్టి నేర్చుకోవడమంతా చీకటి పడ్డాకే.

చేసిన ముక్కలను మరునాడు వర్క్‌షాపు టర్నరు ఎల్లేశం దగ్గరికి పట్టుకుపోయేవాడు. ఎల్లేశం ఒకప్పుడు యిర్మియా చేతి కింద పని నేర్చుకున్నవాడు. రాడ్డును వేళ్ల మధ్య తిప్పి చూసి అనేవాడు, "ఇది షాఫ్టా, మక్కకంకా తమ్మీ? జర ఉప్పు కారం తెప్పియ్యరాదు."

"నవ్వకన్నా. పానం మీదికొచ్చింది."

"సరే విను. టెస్టుల ఏమడుగుతరంటే, ఈ కొస నుంచి చక్కు దాక ఒకటే కట్టింగు. నడుమ ఆపొద్దు. ఆపితే ఆపిన కాడ గీత పడుతది, ఉంగరం తొడిగినట్టు. గీత పడ్డదా, ఇంటికి పొమ్మంటరు. ఉంగరమంటే యాదికొచ్చింది, మిషను మీద నీ చేతి ఉంగరం తియ్యి."

"పెండ్లి ఉంగరమన్నా. పాస్టరుగారు తొడిగిచ్చింది. తియ్యను."

ఎల్లేశం తల కొట్టుకొని ఊరుకున్నాడు.

మెల్లగా చెయ్యి కుదురుకుంది. టూలు సక్కగా పెట్టడం వచ్చింది. పొట్టు ముక్కలు ముక్కలుగా రాలకుండా పొడుగ్గా, రింగులు రింగులుగా ఊడి వస్తోంది. ఒక రాత్రి సగం రాడ్డు అద్దంలా వచ్చింది. శాంతిరాజ్ ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. ఇంకా కొంచెం... ఇంకా...

టంగ్!

చెయ్యి లీవరు లాగేసింది. మిషను ఆగింది. రాడ్డు మీద, నట్టనడుమ, గీత.

ఇక్కడ హాలేజ్ సంగతి ఒకటి చెప్పాలి. కింద ఎక్కడో చీకట్లో ఉన్న మనిషి తీగ లాగితే ఇంజను దగ్గర గంట మోగుతుంది. ఒక్కటి మోగితే — ఆపాలి. ఎందుకని ఆలోచించకూడదు. టబ్బు పట్టాలు తప్పి ఉండొచ్చు, ఎవరి కాలో తాడు కింద ఉండొచ్చు. ఆలోచించేలోపు ప్రాణం పోతుంది. అందుకే హాలేజ్ మనిషికి ఒక్క దెబ్బ వినబడితే బుర్రకు తెలియకముందే చెయ్యి ఆపేస్తుంది. పెళ్లి అయిన కొత్తలో రెజీనా వంటింట్లో గిన్నె జారవిడిస్తే, సైకిలు తుడుస్తున్న శాంతిరాజ్ తుడవడం ఆపేసేవాడు. అది చూసి ఆమె పడిపడి నవ్వేది.

ఇప్పుడు నవ్వు రాలేదు.

రూము నాలుగు మూలలా చూశాడు. ఎవరూ లేరు. తలుపు తీసి చూశాడు. సందు నిండా చీకటి, దూరంగా ఓపెన్‌కాస్టు గని లైట్లు. కొత్త రాడ్డు బిగించి మళ్లీ మొదలుపెట్టాడు. బాగా పోతోంది... పోతోంది...

టంగ్!

మళ్లీ గీత.

అలా మొదలైంది. ఆపకూడదని ఎంత అనుకున్నా చెయ్యి వినేది కాదు. పళ్లు బిగించేవాడు, పెద్దగా కీర్తన పాడేవాడు, చెవుల్లో దూది పెట్టుకునేవాడు. దూదిలోంచి కూడా ఆ దెబ్బ గుండెకు తగిలేది. బస్తీలో మాట పుట్టింది. అల్లుడు మిషను ఎక్కిండు, మామ దిగుతలేడు అని. సమ్మవ్వ తలుపుకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టి పోయింది. రెజీనా పాస్టరుగారిని పిలిచింది. ఆయన మిషను మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, గ్రీజు అంటిన అరచెయ్యి చూసుకొని, తుడుచుకోవడానికి గుడ్డ అడిగాడు.

ముందు ఇంట్లో కిటికీ పక్క మంచంలోంచి మార్తమ్మ ఇదంతా వింటూ ఉండేది. మాట ముద్దగా వచ్చినా ఎకసెక్కం తగ్గలేదు. "మీ మామ బతికున్నొద్దులు నా మాటకే ఆగకపాయె. సచ్చినంక గీన ఎవల్ని ఆపుతడు అల్లుడా?"

చివరికి సిగ్గు విడిచి ఎల్లేశానికి చెప్పాడు. ఎల్లేశం ఆ సాయంత్రమే వచ్చి రూములో నిలబడ్డాడు. ఇద్దరూ మిషను వేయకుండా చీకట్లో కూర్చున్నారు. పగటి ఎండ వేడి ఇంకా గోడల్లోంచి కొడుతోంది. చెమట కారుతోంది. 

టంగ్!

శాంతిరాజ్ ఎల్లేశం భుజం పట్టుకున్నాడు. "ఇన్నవా..."

ఎల్లేశం లేచి బయటికి నడిచాడు. బకెట్ నీళ్లు తీసుకొని గట్టిగా ఊపి రూము మీదికి విసిరాడు. అంతే! రూమంతా టంగ్, టంగ్, టంగ్‌మని మోగింది. సమ్మవ్వ ఇంట్లోంచి "ఓ నా తల్లో!" అని కేక వినబడింది.

"రేకులు రా పిచ్చోడా!" ఎల్లేశం కడుపు పట్టుకొని నవ్వాడు. "దినమంత కాగి ఉబ్బుతయ్, రాత్రి సల్లబడి ముడుచుకుంటయ్. ముడుచుకుంటప్పుడు గట్ల మోగుతయ్. ఇన్నేండ్ల సంది బస్తీ బస్తీ ఉచ్చలు పోసుకున్నది గీ రేకులకే!"

శాంతిరాజ్‌కు కళ్లలో నీళ్లు తిరిగేంత నవ్వు వచ్చింది. ఆ రాత్రి కడుపు నిండా అన్నం తిన్నాడు. ఎట్లాగూ వానలు దగ్గరపడ్డాయి. రేకులు చల్లబడితే చప్పుడు ఉండదు. టెస్టు వానలు పడ్డాకే.

వానలు పడ్డాయి. రోజుల తరబడి ముసురు పట్టింది. రేకులు చేత్తో ముడితే చల్లగా ఉన్నాయి. దారిన పోయేవాళ్లు కూడా ఈ మధ్య చప్పుడు లేదే అనుకుంటున్నారు. శాంతిరాజ్ ధైర్యంగా రాడ్డు బిగించి, టూలును జరిపే ఫీడు లీవరు వేశాడు. టూలు కదిలింది. సగం దాటింది. ముక్కాలు దాటింది. ఇంక చక్కు దగ్గరికి వచ్చేస్తోంది...

టంగ్!

గీత.

శాంతిరాజ్ కదలకుండా నిలబడిపోయాడు. పైన వాన సన్నగా పడుతోంది. రేకు మీద చెయ్యి పెట్టి చూశాడు. చల్లగా, తడిగా ఉంది. మరి ఎవరు?

ఎండాకాలంలో ఆ దెబ్బ ఎప్పుడు పడితే అప్పుడు వినబడేది. ఇప్పుడట్లా కాదు. ప్రతిసారీ ఒకే చోట, టూలు చక్కు దగ్గరికి చేరబోయే ముందు. ఎవరో పక్కన నిలబడి, వంగి చూస్తూ, సరిగ్గా ఆ క్షణం కోసమే కాచుకొని ఉన్నట్టు. ఎల్లేశానికి మళ్లీ చెప్పడానికి మొహం చెల్లలేదు. ఇప్పటికే ఒకసారి నవ్వి పోయాడు.

రాడ్డు మీద రాడ్డు పాడైంది. గీతలు పడ్డ ముక్కలు గోడ పక్కన కుప్ప అయ్యాయి. టెస్టు ముందు రాత్రి మిగిలినవి కొన్నే. ఒకటి బిగించాడు. టంగ్! ఇంకొకటి బిగించాడు. టంగ్! చక్కు బిగించే ఇనుప తాళం తీసి గోడకేసి విసిరికొట్టాడు. ఇటుక పెచ్చు ఊడి పడింది.

"ఏం గావాలె మామా నీకు?" గొంతు చించుకొని అరిచాడు. "నీ బిడ్డ కోసమే గదా గీ తిప్పలు! మంచంల ఉన్నది నీ పెండ్లామే గదా! ఎవలికి అడ్డం పడుతున్నవ్?"

"ఎవల్తోని కొట్లాడుతున్నవ్ అల్లుడా?" కిటికీలోంచి మార్తమ్మ గొంతు వచ్చింది. ఈసారి ఆమె ఎకసెక్కమాడలేదు.

రెజీనా తలుపు తీసుకొని వచ్చింది. తల మీద తడి కొంగు. భర్త మొహం చూసింది, గోడ పెచ్చు చూసింది. ఖాళీ నూనె డబ్బా బోర్లించి దాని మీద కూర్చుంది.

"నడిపియ్యి. నేను గూడ ఇంట."

"నీకెందుకు? పో, పండుకో."

"మా నాయనే అయితే నన్ను జూసన్న ఊకుంటడు గదా. నడిపియ్యి."

శాంతిరాజ్ తాళం వెతికి తెచ్చుకొని ఇంకో రాడ్డు బిగించాడు. అలవాటుగా ఎడమ చెయ్యి మిషను పక్కన బెల్టు మీద కప్పిన రేకు కవరు మీద పెట్టాడు, కుడి చెయ్యి లీవరు మీద. కళ్లు టూలు మొన మీద నిలిపాడు. రెజీనా మిషను వైపు చూడలేదు. ఆమెకు మిషను సంగతి తెలియదు. ఆమె మొగుణ్ని చూస్తూ కూర్చుంది.

టూలు జరుగుతోంది. శాంతిరాజ్ నుదుటి మీద నరం లేస్తోంది. చక్కు దవడలు గిరగిరా తిరుగుతూ దగ్గరవుతున్నాయి...

టంగ్!

మిషను ఆగింది. "ఇన్నవా?" అన్నాడు. "ఇన్నవా రెజీనా? వచ్చిండా లేదా?"

రెజీనా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

"నువ్వే," అంది చివరికి.

"ఏంది?"

"కొట్టింది నువ్వే. గీ చెయ్యి." లేచి వచ్చి అతని ఎడమ చెయ్యి పట్టుకుంది. "గీ ఉంగరం. ఇట్ల..." అతని వేలితోనే రేకు కవరు మీద కొట్టి చూపించింది. టంగ్!

శాంతిరాజ్ తన చెయ్యిని ఎవరిదో చూసినట్టు చూశాడు.

అప్పుడు అర్థమైంది. హాలేజ్‌లో గంట వినబడగానే కుడి చెయ్యి ఇంజను ఆపుతుంది. ఆపానని కింద ఉన్నవాళ్లకు చెప్పడానికి ఎడమ చెయ్యి తిరిగి గంట ఒక్కటి కొడుతుంది. రెండూ ఒకే లిప్తలో జరిగిపోతాయి. ఎన్నో ఏళ్లుగా చేసి చేసి ఆ రెండు చేతులూ జోడెడ్ల లెక్క కలిసిపోయాయి. ఎండాకాలమంతా రేకులు మోగి భయపెట్టాయి. రేకులు మానేశాక, చక్కు దగ్గరికి రాగానే టూలు తగులుతుందేమోనని గుండెలో భయం లేచేది. ఆ భయానికి కుడి చెయ్యి ఆపేది, ఎడమ చెయ్యి కొట్టేది. అతను మాత్రం ముందు దెబ్బ విన్నానని, తర్వాత ఆపానని అనుకుంటూ వచ్చాడు.

"ఇన్ని దినాలు..." అన్నాడు కుప్పవైపు చూస్తూ. "ఇన్ని రాడ్లు... మామను ఎన్ని మాటలన్న..."

"మా నాయన ఇనలేదు తియ్యి," అంది రెజీనా. అతని ఉంగరం మెల్లగా తిప్పి తిప్పి ఊడదీసి తన మెడలోని గొలుసుకు ఎక్కించుకుంది. ఎడమ చేతిని తన రెండు చేతుల్లో గట్టిగా పట్టుకుంది. "ఇప్పుడు నడిపియ్యి."

చక్కు దగ్గర పడుతుంటే ఆమె పిడికిట్లో అతని చెయ్యి చేపపిల్లలా కొట్టుకుంది. ఆమె వదల్లేదు. టూలు చక్కు దాకా పోయింది. చప్పుడు లేదు. గీత లేదు. లైటు కింద రాడ్డు నీళ్లు పోసినట్టు మెరిసింది. మిగిలిన రాడ్లన్నీ అట్లాగే వచ్చాయి.

మరునాడు టెస్టు. ముసురు ఇంకా వదల్లేదు. వర్క్‌షాపులో పెద్ద కొత్త లేత్, పక్కన పరీక్ష పెట్టే ఇంజనీరు. తలుపు దగ్గర ఎల్లేశం చేతులు కట్టుకొని నిలబడ్డాడు. శాంతిరాజ్ రాడ్డు బిగించాడు, టూలు పెట్టాడు, సరిచూసుకున్నాడు. ఆఖరి కట్టింగుకు లీవరు వేసి, ఎడమ చెయ్యి వీపు వెనక్కి పెట్టి నడుము బెల్టును బిగించి పట్టుకున్నాడు. పట్టుకోవడానికి రెజీనా లేదు కదా.

ఇంజనీరు ఆ నిలబడే తీరు చూసి కనుబొమ్మ ఎగరేశాడు.

టూలు కదిలింది. సగం... ముక్కాలు... చక్కు దగ్గరికి వస్తోంది. శాంతిరాజ్‌కు చెవుల్లో తన గుండె తప్ప ఇంకేమీ వినబడటం లేదు. బెల్టు పట్టుకున్న చెయ్యి గుంజుకుంది. పట్టు వదల్లేదు. టూలు చక్కు దాకా పోయింది. అప్పుడు — అప్పుడే — కుడి చెయ్యి లీవరు లాగింది.

ఇంజనీరు రాడ్డు విప్పించి, కిటికీ వెలుతురులోకి తీసుకుపోయి తిప్పి తిప్పి చూశాడు. గోరుతో పొడుగునా రాశాడు. గోరు ఎక్కడా ఆగలేదు.

"మంచిగున్నది. పాస్," అన్నాడు.

శాంతిరాజ్‌కు మంచంలో మార్తమ్మ, అంగన్‌వాడీ పిల్లల మధ్య రెజీనా కళ్ల ముందు కదిలారు. దండం పెడదామనుకున్నాడు గానీ ఎడమ చెయ్యి ఇంకా బెల్టును వదల్లేదు.

"ఒక్క సంగతి శాంతిరాజ్," అన్నాడు ఇంజనీరు, రాడ్డు బల్ల మీద పెడుతూ. "నా కండ్లు టూలు మీదనే ఉండె గని, చక్కు కాడికి రాంగనే కవరు మీద టంగ్‌మని ఒకటి కొట్టినవ్. ఆపుతవేమో అనుకున్న. ఆపకపోతివి, మంచిపని. కానీ ఎందుకు కొట్టినవ్?"

సారు పరాచికమాడుతున్నాడనుకున్నాడు శాంతిరాజ్. నవ్వుతూ తలుపు వైపు తిరిగాడు. రేకుల సంగతి తెలిసినవాడు, ఎల్లేశం కూడా నవ్వుతూ ఉంటాడని.

ఎల్లేశం నవ్వడం లేదు.

"నాకు గూడ ఇనబడ్డది తమ్మీ," అన్నాడు మెల్లగా.

"నాకు... ఇనబడలే," అన్నాడు శాంతిరాజ్.

ఇంజనీరు అప్పటికే తర్వాతి మనిషి పేరు పిలుస్తున్నాడు. శాంతిరాజ్ వెనకనున్న చేతిని ముందుకు తీసుకోబోయాడు. వేళ్లు బిగుసుకుపోయి రాలేదు. ఒక్కొక్కటే విప్పుకొని, చేతిని ముఖం ముందుకు తెచ్చుకొని చూశాడు.

బెల్టు అంచు నాలుగు వేళ్ల మీదా అడ్డంగా, ఎర్రగా, ఎముక దాకా అన్నట్టు దిగబడి ఉంది.